మసి వదిలిన వంటిల్లు, నీళ్ళు నిలవని బచ్చలి

పావగడ తాలూకా పల్లెల్లో పాత ఇంటిని బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ వంటింట్లో అడుగుపెట్టగానే రంగుల మాట ఎత్తడు. తాపీ తిరగేసి పట్టుకుని దాని పిడితో గోడను కొట్టుకుంటూ పోతాడు, అడుగుకొకసారి, కింది నుంచి పైకి. గార గోడను పట్టుకుని ఉన్న చోట శబ్దం కురచగా, బరువుగా వస్తుంది. గోడను వదిలేసిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల మోగినచోటల్లా బొగ్గుముక్కతో ఒక గీత. గది చుట్టూ తిరిగొచ్చేసరికి ఆ గీతలు కలిసి ఒక హద్దుగా తేలతాయి. పెరికెయ్యాల్సింది ఆ హద్దు లోపలిదే, బయటిది ముట్టుకోనక్కర్లేదు. ఇంటివాళ్ళ చేతిలో ఉన్న డబ్బు ఎంతవరకు వస్తుందో ఆ బొగ్గు గీతలను బట్టే తేలుతుంది.

కొత్త ఇల్లు కట్టేవాడి ముందు ఖాళీ స్థలం ఉంటుంది. పాత వంటింటినీ బచ్చలినీ, అంటే స్నానాల గదినీ, బాగుచేసేవాడి ముందు ముప్పై నలభై ఏళ్ళుగా ఎవరెవరో చేసిపోయిన పనులు పొరలు పొరలుగా ఉంటాయి. డబ్బు దండిగా ఉంటే అంతా కొట్టిపారేసి కొత్తగా కట్టుకోవచ్చు, దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. డబ్బు లెక్కగా ఉన్నప్పుడే ఏది తీయాలి, ఏది ఉంచాలి, ఉంచినదాన్ని కొత్తదానితో ఎట్లా అతకాలి అన్న ప్రశ్నలు పుడతాయి. ఈ పనివాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది ఆ ప్రశ్నల దగ్గరే.

పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందిన తాలూకా అయినా మూడు వైపులా ఆంధ్రమే. మడకశిర, హిందూపురం, పెనుకొండ ఒక దిక్కున, కళ్యాణదుర్గం ఇంకో దిక్కున. కచేరీలో కన్నడ, ఇంట్లో తెలుగు. బయటి ఊళ్ళవాళ్ళకు ఈ పేరు శనిమహాత్ముడి గుడి వల్లా, ఈమధ్య 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వల్లా తెలుసు. ఇక్కడి పాత ఇళ్ళకు మాత్రం మూడు రకాల పైకప్పులు కనిపిస్తాయి. దూలాలు, దంతెల మీద చవుడు మట్టి పరిచిన మిద్దె ఒకటి. రాతి బండలు పక్కపక్కన పరిచిన మిద్దె ఇంకొకటి. ఆ తర్వాతి కాలంలో వచ్చింది సిమెంటు స్లాబు. ఒకే ఇంట్లో ఈ మూడూ ఉండటం వింతేమీ కాదు. నడిమిల్లు తాత కట్టించింది, వంటిల్లు నాన్న పొడిగించింది, స్నానాల గది పెరట్లోకి కొడుకు జరిపింది. ఒక గోడ నీళ్ళు పీల్చి వదులుతుంది, పక్క గోడ పీల్చుకోనే పీల్చుకోదు. రెంటికీ ఒకే మందు పనికిరాదని తెలిసినవాడే మేస్త్రీ.

వంటింటితో మొదలుపెడదాం. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి మండిన గదిలో మసి రెండు రకాలుగా ఉంటుంది. దూలాలకూ బండల సందులకూ వేలాడేది పొడి మసి, చీపురు తగిలితే రాలిపోతుంది. పొయ్యి వెనక గోడకు పట్టింది జిడ్డు మసి. పొగలోని తారూ పోపు నూనె ఆవిరీ కలిసి ఎండి, ముదురు గోధుమ రంగులో గట్టిపడిన పూత అది. దాని మీద నేరుగా రంగు వేస్తే జిడ్డుకు రంగు పట్టదు. పట్టినా, నీళ్ళు కలిపే రంగుల తడికి తారు కరిగి పైకి ఊరుతుంది. తెల్లగా మెరిసిన గోడ మీద కొద్దిరోజులకే పచ్చటి మరకలు తేలతాయి. ఇంకో కోటు వేసినా అదే కథ.

అందుకని ముందు రేకు పట్టీతో గీకుతారు. తర్వాత వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి కొబ్బరి పీచుతో రుద్దుతారు. రుద్దడం గోడ కింది నుంచి పైకి జరుగుతుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు తలకిందుల పనిలా అనిపించింది, మురికినీళ్ళు కడిగిన చోటికే కదా కారేది అని. కారణం తెలిశాక తల ఊపక తప్పలేదు. మురికి సోడానీళ్ళు పొడిగోడ మీద కారితే ఆ చారలను గోడ అక్కడికక్కడే పీల్చుకుంటుంది, మళ్ళీ ఎంత రుద్దినా పోవు. అప్పటికే తడిసి శుభ్రమైన గోడ మీద కారితే జారిపోతాయి, ఒక్క చెంబు నీళ్ళతో కడుక్కోవచ్చు. చివర మంచినీళ్ళతో రెండుసార్లు కడగడం తప్పనిసరి. సోడా మిగిలిపోతే పైన వేసే ఆయిలు రంగును అది తినేస్తుంది. గోడ బాగా ఆరాక మరక ఉన్నంతమేర మాత్రమే ఆయిలు ప్రైమరు పూస్తారు. తారు ఆయిలు పొరను దాటి రాలేదు. గది మొత్తానికి ప్రైమరు కొంటే ఖర్చు, అసలుకే మానేస్తే మరక. బొగ్గు గీతల లెక్క ఇక్కడా అదే.

పొగ సంగతికి తుమకూరు జిల్లాతో పాత సంబంధమే ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎ.కె.ఎన్. రెడ్డి 1974లో మొదలుపెట్టిన 'ఆస్త్ర' అనే గ్రామీణ సాంకేతిక విభాగానికి ఈ జిల్లాలోనే, కుణిగల్ తాలూకా ఉంగ్ర గ్రామంలో, పని కేంద్రం ఉండేది. ఆ విభాగం తయారుచేసిన 'ఆస్త్ర ఒలె' మూడు పాత్రలు పెట్టే మట్టి పొయ్యి. మంట మొదటి పాత్ర కింద మండితే ఆ వేడి గాలి రెండో పాత్ర కిందికీ, అక్కణ్నుంచి మూడోదాని కిందికీ పోయి చివరికి గొట్టంలోంచి ఇంటి బయటికి వెళ్తుంది. ఊరికే పోయే వేడితో ఇంకో రెండు పాత్రలు కాగుతాయి, పొగ వంటింట్లో ఉండదు. ఎంత సులువైన ఊహ! తర్వాత 2016 మే 1న ఉజ్జ్వల పథకం మొదలై గ్యాసు పల్లెల్లోకి ఇంకా వేగంగా వచ్చింది. వంటగోడకు కొత్త మసి పట్టడం ఆగింది కాబట్టే ఇప్పుడు దానికి పెట్టే ఖర్చుకు అర్థం ఉంది. అయితే చాలా ఇళ్ళలో స్నానాల నీళ్ళకు మాత్రం ఇంకా కట్టెలే, కంది కట్టే, శెనక్కాయ పొట్టే. ఆ పొయ్యి దగ్గరికి తర్వాత వద్దాం.

మట్టి మిద్దె వంటింట్లో వెలుతురు వచ్చేది గవాచిలోంచి. పైకప్పులో పొయ్యికి కాస్త పక్కగా వదిలిన కన్నం అది, పొగ పోవడానికీ వెలుగు రావడానికీ. పొగ లేకపోయాక చాలామంది దాన్ని బండ వేసి మూసేశారు, గది చీకటిపడింది. తెలిసిన పనివాడు దాన్ని మళ్ళీ తెరుస్తాడు. కన్నం చుట్టూ మిద్దె మట్టం కంటే నాలుగంగుళాల ఎత్తున కట్ట కట్టి, పైన మందపాటి అద్దం కొద్దిగా వాలుగా పెడతాడు. అద్దానికీ కట్టకూ నడుమ వేలెడు సందు ఒక పక్కన మాత్రం, వాలు ఎత్తుగా ఉన్న పక్కన, వదిలి అక్కడ దోమతెర బిగిస్తాడు. వాన కిందికి జారిపోతుంది, వంట ఆవిరి పై సందులోంచి పోతుంది. పట్టపగలు బల్బు వెయ్యకుండా బియ్యంలో రాళ్ళు ఏరుకోవచ్చు. ఈ గదిలో ఏ రంగు వేసినా తేలేది ఆ వెలుగులోనే గనక, రంగుకు ముందు చెయ్యాల్సిన ఖర్చు ఇదే అని నేనంటాను.

గోడ కింది భాగం వేరే కథ. మట్టితో కట్టిన రాతి గోడ నేలలోని చెమ్మను పైకి లాగుతుంది. చెమ్మతో పాటు నేలలోని లవణాలూ వస్తాయి. గోడ మొహం దగ్గర నీళ్ళు ఆరిపోతాయి, లవణం స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికాలు పెరుగుతూ గారను లోపలి నుంచి నెడతాయి. మోకాలి ఎత్తు దాకా గోడ బూజుపట్టినట్టు తెల్లబడి పెచ్చులూడేది అందుకే. ఇంటివాళ్ళు సాధారణంగా చేసే పని అక్కడ గట్టి సిమెంటు పూయించడం. చెమ్మ సిమెంటును దాటలేక దాని వెనకే ఇంకాస్త పైకెక్కి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. మరుసటి ఏడు మోకాలి దగ్గరున్న పెచ్చు నడుముకెక్కుతుంది.

ఆ సిమెంటు అట్టును ఊడదీసి, రాళ్ళ సందుల్లో వదులైన మట్టిని గోకి, గోడను కొన్నాళ్ళు ఊరికే ఆరనివ్వడం సగం వైద్యం. మిగతా సగం సున్నపు గార. సున్నం చెమ్మను ఆపదు, గోడలోంచి గాలిలోకి పోనిస్తుంది. లవణం వచ్చినా చీపురుతో దులిపేసేంత మెత్తగా పైపైనే తేలుతుంది. ఇంటి బయట ఆ గోడ పక్కన నీళ్ళు నిలవకుండా ఒక జానెడు కాలువ తీస్తే లోపలి గోడకు సగం రోగం తగ్గిపోతుంది. కాలువకు సిమెంటు కూడా అక్కర్లేదు, పార చాలు.

సున్నం వెయ్యడమంటే ఇప్పటి పిల్లలకు చిన్నచూపు. సరిగా వేసినవాణ్ని చూడలేదు గనక. రాళ్ళ సున్నాన్ని ఇనుప డ్రమ్ములో నీళ్ళలో వేస్తే దానికదే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు దగ్గరికి పిల్లల్ని రానివ్వరు, కంట్లో ఒక్క చుక్క పడినా ప్రమాదమే. చల్లారాక పైన నీళ్ళు నిలిపి ఎన్ని రోజులుంచితే అంత వెన్నలా అవుతుంది. దాన్ని పాత పంచె గుడ్డలో వడకట్టి, పాలంత పల్చగా కలిపి, జిగురు కోసం కాస్త ఫెవికాలో తుమ్మ జిగురో, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందూ కలుపుతారు. గోడను ముందు తడుపుతారు. పొడిగోడ సున్నంలోని నీళ్ళను గబుక్కున లాగేస్తే సున్నం పొడిగా మిగిలి, తగిలితే బట్టకు అంటుకుంటుంది. మొదటి కోటు వేసినప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది. 'ఇదేం సున్నం, నీళ్ళే కదా' అని ఇంటివాళ్ళు అనే సమయం అది. అప్పుడు చిక్కగా కలిపాడా పని చెడిందే, మందపు సున్నం అట్టలు కట్టి రాలిపోతుంది. తడి ఆరేకొద్దీ తెలుపు పైకి వస్తుంది. ఆ తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మళ్ళీ సున్నపురాయి అవుతుంది. బట్టీలో కాల్చినప్పుడు రాయి పోగొట్టుకున్నది గోడ మీద తిరిగి సంపాదించుకుంటుందన్న మాట. పల్చటి కోట్లు రెండు మూడు పడాలనడానికి కారణం ఇదే. గాలి లోపలిదాకా పోవాలి.

వంటింట్లో భుజం ఎత్తు దాకా ఆయిలు రంగు, ఆ పైన సున్నం అన్నది ఈ ప్రాంతంలో బాగా కుదిరిన ఏర్పాటు. నూనె చిట్లేదీ చేతులు తగిలేదీ కింద, అక్కడ తడిగుడ్డతో తుడుచుకునే రంగు కావాలి. ఆవిరి చేరేది పైన, అక్కడ ఊపిరి పీల్చే పూత కావాలి. కింది గోడ చెమ్మది అయితే మాత్రం ఆయిలు రంగు పెట్టకూడదు, వెనక నుంచి ఉబ్బుతుంది. రెండూ కలిసే గీత దగ్గర జాగ్రత్త పడాలి. పచ్చి సున్నం మీద ఆయిలు రంగు వేస్తే సున్నంలోని క్షారం రంగులోని నూనెను సబ్బుగా మార్చేస్తుంది. రంగు ఆరదు, జిగటగా ఉండి తోలులా ఊడొస్తుంది. అందుకని రంగు పని ముందు పూర్తిచేసి, అది ఆరాకే పైన సున్నం పూస్తారు. పాత సున్నం మీద రంగు వెయ్యాల్సి వస్తే గోడ కనిపించేదాకా గీకక తప్పదు. గీకింది చాలిందా లేదా అని చూడటానికి ఒక రంగులవాడు సెల్లోటేపు ముక్క గోడకు నొక్కి అంటించి, చటుక్కున పీకి, వెలుగుకెదురుగా పట్టి చూశాడు. టేపుకు తెల్లపొడి అంటితే ఇంకా గీకాలి. పది పైసలు కూడా ఖర్చు కాని పరీక్ష, పది లీటర్ల రంగును కాపాడుతుంది.

గ్యాసు పొయ్యి గట్టు ఈ ఇళ్ళలో చాలావరకు కడప నాపబండదే. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నుంచి లారీల్లో వచ్చిన నల్లరాయి. ఇరవై ఏళ్ళకు అది బూడిద రంగుకు తిరుగుతుంది. జనం పాడైందనుకుని గ్రానైటు పెట్టిస్తామంటారు. నాపరాయి సున్నపురాయి జాతిది కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూము కడిగే యాసిడ్ దాని పై మెరుగును తింటాయి. తిన్నది పైపొర మాత్రమే. సన్న కార్బొరండం రాయితో నీళ్ళు పోస్తూ సమంగా రుద్ది, ఆరనిచ్చి, గుడ్డతో పల్చగా నూనె పట్టిస్తే లోపలి నలుపు తిరిగొస్తుంది. కదిలే బండను మాత్రం పైనుంచి సిమెంటు కుక్కి ఆపలేరు. దాన్ని లేపి, కింద నిలువు బండ తలను మట్టం చేసి, పల్చటి మాలు మీద మళ్ళీ కూర్చోబెట్టాలి. గోడకూ బండకూ నడుమ సందును కూడా సిమెంటుతో మూయరు. రాయి, గోడ వేర్వేరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి సిమెంటు ఏడాదిలో చీలుతుంది, ఆ చీలికలో బొద్దింకలు కాపురం పెడతాయి. అక్కడ సాగే సీలెంటు వెయ్యాలి.

నేల విషయానికొస్తే, నాకు అన్నిటికంటే నచ్చే పని పాత ఎర్ర గచ్చు మరమ్మతు. రెడ్ ఆక్సైడ్ గచ్చు అంటే పైన పూసిన రంగు కాదు. సిమెంటులో ఇనుప ఆక్సైడ్ పొడి కలిపి, కింది కాంక్రీటు పచ్చిగా ఉండగానే దాని మీద పరిచి, తాపీతో అదిమి అదిమి మెరుగు తేల్చిన పొర. కాళ్ళు తిరిగిన చోట మెరుస్తుంది, రోలు పడిన చోట పగులుతుంది. ఆ పగులును ఎట్లాగోలా పూడ్చేస్తే మచ్చ ఎప్పటికీ మచ్చే. దీన్ని అతికే పద్ధతి చూడాలి. పగిలిన చోటును ఉలితో వంకరటింకరగా కాకుండా నేరుగా, నాలుగు మూలలు తేలేట్టు కోస్తారు. అంచులు కింద కాస్త లోపలికి పోయేట్టు చెక్కుతారు, కొత్త ముక్క పైకి లేవకుండా పట్టుంటుంది. దుమ్ము ఊది, ఒక రాత్రంతా తడిపి ఉంచి, పొద్దున నిలిచిన నీళ్ళు గుడ్డతో అద్ది తీసేస్తారు.

రంగు కలపడంలోనే అసలు ఓపిక. మూడు పాళ్ళ సిమెంటుకు ఒక పాలు ఆక్సైడ్ అన్నది మోటు లెక్క. పాత నేల రంగు నూనెతో, పాదాలతో, ఎండతో మారి ఉంటుంది కాబట్టి లెక్కతో సరిపోదు. ఇటుక ముక్కల మీద నాలుగైదు నమూనాలు వేస్తారు, ఒకదాంట్లో కాస్త నల్ల ఆక్సైడ్ ఎక్కువ, ఒకదాంట్లో తెల్ల సిమెంటు ఎక్కువ. తడి మీద అన్నీ ముదురుగానే కనిపిస్తాయి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఒక్కో ముక్కను పాత గచ్చు పక్కన పెట్టి, గవాచి వెలుగులో చూస్తారు. కుదిరిన పాళ్ళతో మొత్తం పనికి కావాల్సిన పొడినంతా ఒకేసారి పొడిగానే కలిపి, జల్లెడలో పలుసార్లు పడతారు. మధ్యలో అయిపోయి రెండోసారి కలిపితే అదే రంగు మళ్ళీ రాదు. పరిచాక తాపీ తొందరగా పడితే నీళ్ళు పైకి తేలి మచ్చ అవుతుంది, ఆలస్యమైతే తాపీ గరగర గీతలు పెడుతుంది. వేలి ముద్ర పడీపడనట్టు ఉన్న గడియ కోసం మేస్త్రీ గొంతుక్కూచుని కాచుకుంటాడు. చేత్తో పని కనిపించని ఆ అరగంటకూ కూలి ఇవ్వాల్సిందే. తర్వాత వారంపాటు తడి గోనెపట్టా, ఆపైన కొబ్బరినూనె గుడ్డ. ఎంత చేసినా రంగు ముమ్మూర్తులా కలవదని ముందే తోస్తే, ఆ చతురస్రం చుట్టూ అంగుళం వెడల్పు నల్ల అంచు తీసి, వంటింటి ఇంకో మూలన జోడీగా అదే అంచు గీసే గడుసువాళ్ళూ ఉన్నారు. మరమ్మతు కాస్తా ముగ్గయిపోతుంది.

ఇక బచ్చలి. అక్కడ ప్రతి పనికీ నీళ్ళే యజమాని. మొదట చూసేది వాలు. ఆరడుగులకు అంగుళం చొప్పున నేల మోరీ వైపు దిగాలి. అంతకు తగ్గితే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే సబ్బునీళ్ళ మీద ముసలివాళ్ళ కాలు జారుతుంది. వాలును కంటితో నమ్మరు. పల్చటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి రెండు కొసలూ రెండు మూలలకు పెడితే నీళ్ళు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ గుర్తుల నుంచి నేలకు ఎంతుందో కొలిస్తే ఏ మూల ఎంత దిగిందో తేలుతుంది. ఆఖరి తీర్పు మాత్రం ఒక చెంబు నీళ్ళది. అలాంటి తీర్పు జరుగుతుండగా ఒక ఇల్లాలు గడప దగ్గర నిలబడి అడిగింది: "ఏం మేస్త్రీ, నీళ్ళు ఇంగా ఈడనే నిల్చుండాయే?" ఆయన తల తిప్పకుండానే, "నిల్చలేదక్కా, తిరుక్కుంటా పోతాండాయి. సూడు," అన్నాడు. నిజమే, గోడ మూల నుంచి ఒక వంక తిరిగి మోరీలోకి పోతున్నాయి. ఆ వంక కూడా ఆయనకు నచ్చలేదు. పచ్చి మాలు మీద చెక్క బద్ద ఇంకోసారి లాగాడు.

మోరీలో ఉండే నహానీ ట్రాపు చిన్నదే, చేసేది పెద్ద పని. దాని వంపులో ఎప్పుడూ రెండంగుళాల మేర నీళ్ళు నిలిచి ఉంటాయి. స్నానం నీళ్ళు వాటిని నెట్టుకుని పోతాయి, కాలువలోని కంపు మాత్రం వాటిని దాటి రాలేదు. పాత బచ్చలి కంపు కొడుతోందంటే చాలాసార్లు ఆ వంపే ఉండదు, నేరుగా గొట్టం పెట్టేసి ఉంటారు. లేదా వంపు ఉన్నా వాడని గదిలో పావగడ ఎండలకు నీళ్ళు ఆవిరైపోయి ఉంటాయి. రెండోదానికి మందు వారానికో చెంబు నీళ్ళు. మొదటిదానికి మాత్రం మోరీ చుట్టూ అడుగు మేర నేల తవ్వక తప్పదు. టైల్సు మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఇటు మళ్ళించమని చెప్పే మేస్త్రీ మాట ఇంటివాళ్ళకు రుచించదు గానీ, ఆయన చెప్పిందే సరి.

నేల, గోడ కలిసే మూలను తొంభై డిగ్రీల అంచుగా వదలరు. మాలుతో గుండ్రంగా తిప్పుతారు. ఎందుకంటే పైన పూసే వాటర్‌ప్రూఫ్ పూత పదునైన మూలలో పల్చబడి మొదట చీలేది అక్కడే. ఆ పూత కూడా రెండుసార్లు, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. మొదటి కోటులో కుంచె వదిలేసిన సన్న సందులను రెండోది అడ్డంగా దాటుతుంది. ఆరాక మోరీకి గుడ్డ కుక్కి, గదిలో రెండంగుళాల నీళ్ళు కట్టి, ఒక రోజంతా వదిలేస్తారు. గోడ మీద పెన్సిలుతో నీటి మట్టం గుర్తు పెడతారు. పక్క గదిలో చెమ్మ రాకుండా ఉండి, మట్టం ఆవిరికి తగ్గినంతే తగ్గితే, అప్పుడు టైలు మాట.

పాత టైళ్ళను ఊడగొట్టకుండా వాటి మీదే కొత్తవి అతికే పద్ధతి డబ్బు మిగిల్చే వాటిలో మేలైనది, పాడుచేసుకునేవాళ్ళు ఎక్కువైనదీ అదే. మళ్ళీ తాపీ పిడి పరీక్ష. డొల్ల మోగిన టైలును తీసి గుంట పూడ్చాలి. మిగిలిన వాటి నునుపును గ్రైండరుతో గీతలు పెట్టి చెరపాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడ. మామూలు సిమెంటు పాలు గోడలోకి ఇంకి పట్టుకుంటాయి, పాత టైలు మెరుపులోకి ఇంకడానికి దారేదీ? కాబట్టి టైలు అడ్హెసివ్ వాడాలి. దాన్ని పళ్ళున్న తాపీతో ఒకే దిక్కున దువ్వుతారు. టైలు పెట్టి, దువ్విన గీతలకు అడ్డంగా కాస్త జరుపుతూ నొక్కుతారు. గీతలు చదునై, మధ్యలోని గాలి సందుల వెంట బయటికి పోతుంది. అడపాదడపా ఒక టైలును వెంటనే ఊడదీసి వెనకంతా అంటిందా అని చూస్తారు. ఒక లెక్క ముందే చూసుకోవాలి. కొత్త టైలూ అడ్హెసివూ కలిసి నేల అర అంగుళం పైగా లేస్తుంది. బచ్చలి నేల బయటి నేల కంటే ఇంకా కిందే ఉంటుందా, తలుపు తిరుగుతుందా? ఉండకపోతే నేల టైళ్ళు ఊడగొట్టి, గోడల మీద మాత్రం అతకడం తెలివి.

ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందన్నది అందరికీ తెలిసిందే. తాగేనీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న హద్దు ఈ తాలూకాలో చాలా బోర్లు దాటాయి. బచ్చలి గోడకు తగిలేది మాత్రం ఆ నీళ్ళ గట్టితనం. టైలు మీద చుక్క ఆరిన ప్రతిసారీ సున్నం పొర ఒకటి మిగిలి, ఏళ్ళకు తెల్లటి పెంకు కడుతుంది. జనం దానికి వాడేది ఘాటు యాసిడ్. పెంకుతో పాటు టైళ్ళ నడుమ సిమెంటు పూతనూ అది తినేస్తుంది, ఆ సందుల్లోంచి నీళ్ళు గోడలోకి దిగుతాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో గుడ్డ తడిపి పెంకు మీద అరగంట కప్పి ఉంచితే బుడగలు వస్తూ మెత్తబడుతుంది, ప్లాస్టిక్ పట్టీతో గీకొచ్చు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి వాడటం మాత్రం ప్రాణాంతకం, ఆ మూసిన గదిలో క్లోరిన్ వాయువు పుడుతుంది. సందుల్ని గోకి మళ్ళీ నింపేటప్పుడు ఎపాక్సీ గ్రౌటు మేలు, దానికి గట్టినీళ్ళూ యాసిడూ లెక్కలేదు. ధర ఎక్కువ కాబట్టి గది మొత్తానికి వాడరు. నేలా, కొళాయి చుట్టూ మూడడుగులూ ఎపాక్సీ, నీళ్ళు తగలని పైగోడకు మామూలుదే.

నీళ్ళ కాగు పొయ్యి ఉన్న ఇళ్ళలో దాన్ని తీసేయమని నేను చెప్పను. నోరు గోడ అవతల ఉంటే పొగ లోపలికి రాదు, నీళ్ళు తెల్లవారేదాకా వెచ్చగా ఉంటాయి. కాకపోతే కాగు చుట్టూ సిమెంటు పూస్తే వేడికి చీలుతుంది. ఇసుక, గడ్డి ముక్కలు కలిపి తొక్కిన మట్టి పూతే అక్కడ నిలుస్తుంది. కాగు అంచుకూ టైలుకూ నడుమ వేలెడు మట్టి వదిలి ఆపైనే టైలు మొదలుపెడతారు.

గొట్టాల పని క్లుప్తంగా చెప్పొచ్చు. పాత ఇనుప గొట్టాలు లోపల సున్నంతో పూడుకుపోయి ఉంటాయి, మార్చాల్సిందే. రాతి గోడను కోసి లోపల పాతడం కంటే గోడ మీదనే క్లాంపులతో వేస్తే కూలి తగ్గుతుంది, రేపు కారినా కనిపిస్తుంది. కారే ఇత్తడి కొళాయిని పారెయ్యనక్కర్లేదు, వాషరు మారిస్తే చాలు.

ఆఖరున రంగు. భుజం ఎత్తు గీత కోసం రెండు కొసల్లో మట్టం గుర్తులు పెట్టి, నీలిమందు రాసిన దారం బిగించి పట్టి, నడుమ పట్టుకుని లాగి వదులుతారు. గోడ పొడుగునా ఒకే దెబ్బతో నీలి గీత పడుతుంది. కొత్త కుంచెను అరచేతిలో పటపటా కొట్టి వదులు వెంట్రుకలు రాల్చేస్తారు. డబ్బా అడుగుదాకా కలిపి, పాత నైలాను గుడ్డలో వడకడతారు. కుంచెను రంగులో మూడో వంతే ముంచుతారు. ముందు నిలువుగా పరిచి, అడ్డంగా సర్ది, చివర కుంచె మొనతో తేలిగ్గా, ఇంకా తడిగా ఉన్న వైపుకు లాగి వదిలేస్తారు. ఆరడం మొదలైన చోటికి మళ్ళీ వెళ్ళరు. ఆయిలు రంగు మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోయి ముడతలు పడుతుంది. రెండు పల్చటి కోట్లు, నడుమ సన్న ఎమరీ కాగితంతో ఒక రుద్దు. తలుపు పని అయితే కింది అంచు కూడా, తలుపు ఊడదీసి. బచ్చలి తలుపు కుళ్ళడం మొదలయ్యేది ఆ అంచు నుంచే, అక్కడ కొయ్య నీళ్ళను నేరుగా పీల్చుకుంటుంది.

చేత్తో తాకితే ఆరిపోయినట్టే ఉన్న అరలో ఇల్లాలు పప్పుల డబ్బాలు వెంటనే సర్దుదామనుకుంటుంది. ఆయిలు రంగు పైకి ఆరినా లోపల గట్టిపడటానికి వారం పది రోజులు పడుతుంది, అంతలో బరువైన డబ్బా పెడితే దాని అడుగు వలయం రంగులో దిగి, తీసినప్పుడు పొరతో సహా లేస్తుంది. కింద వార్తాపత్రిక పరిచినా అక్షరాలతో సహా అంటుకుపోతుంది. రంగులవాడు వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పేది ఇదొక్కటే: డబ్బాలు ఇంకో వారం నడిమింట్లోనే ఉండనీ అక్కా, గవాచి మాత్రం మూయొద్దు.